నల్లదారం కట్టిన దారి

"...నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళమంటావా ఏంటి బావా, నాలుగువందల ఇరవై పరుపుల్ని?"

"నెత్తిన పెట్టుకున్నా ఆ వంతెన కింద వంగే వెళ్ళాలి."

"అదిగో, ఆ వెటకారమే వద్దంటున్నా. బండి ఉంటే ఇవ్వు. లేదంటే లేదని చెప్పు."

"లేదనే కదరా పొద్దున్నించీ మొత్తుకుంటున్నా. నీకు వినపడాలంటే ఏం చెయ్యాలి, హారన్ కొట్టాలా?"

లారీ ఆఫీసులో కౌంటరుకి ఇవతల నిలబడి అరుస్తున్నవాడు బామ్మర్ది. అవతల కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడు బావ. ఆ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా బుకింగు గుమాస్తా. గోడవారన బెంచీ మీద నలుగురు డ్రైవర్లున్నారు. వాళ్ళ టీ గ్లాసులు ఖాళీ అయి చాలాసేపయింది. ఒక్కరూ లేవలేదు. ఇంట్లో జరగాల్సిన గొడవ ఆఫీసులో జరుగుతుంటే టిక్కెట్టు లేకుండా చూడొచ్చు.

బామ్మర్దికి ఊరి చివర స్పాంజి పరుపులు తయారుచేసే షెడ్డు ఉంది. అందులో సగం వాటా అతని అక్కది, అంటే గుమాస్తా భార్యది. కొండ మీది ఊళ్ళో కొత్తగా కట్టిన ఆసుపత్రి వీళ్ళకి పరుపులు ఆర్డరిచ్చింది. శుక్రవారం రోగుల్ని చేర్చుకుంటారు కాబట్టి గురువారానికల్లా పరుపులు చేరాలి. మొదటి విడతగా పోయిన నెలలో ఎనభై పంపితే నలభై తిరిగొచ్చాయి. షెడ్డు దగ్గర చిన్న వ్యాన్లలోకి ఎక్కించి, హైవే మీద దింపి, అక్కడ వాన పడుతుండగా పెద్ద బండిలోకి మార్చారు. తెల్లటి తొడుగుల మీద బురద చేతులు అచ్చుపడ్డాయి. ఆసుపత్రి మేనేజరు ఆ చేతిముద్రలన్నిటినీ ఫోటోలు తీసి పంపాడు. ఇంకోసారి ఇలాగే వస్తే అన్నీ వెనక్కే, ఆర్డరు వేరేవాళ్ళకి అని కింద రాశాడు.

ఆ ఆర్డరు పోతే షెడ్డు మూతపడుతుంది. కుట్టేవాళ్ళు ఆరుగురు, కోసేవాళ్ళు ఇద్దరు ఇంటిదారి పడతారు. ఈ సోమవారం పొద్దున బామ్మర్ది గొంతు అంత పైకి లేవడానికి కారణం అది.

"ఒక్క పెద్ద కంటైనరు షెడ్డు గుమ్మం ముందుకొస్తే చాలు బావా. అక్కడ ఎక్కించి తలుపేస్తే మళ్ళీ ఆసుపత్రి గుమ్మంలోనే తీస్తాం. వాన తగలదు, బురద తగలదు."

"పెద్ద కంటైనరు ఎత్తు పదమూడున్నర అడుగులు. నీ షెడ్డుకి వెళ్ళాలంటే రైలు వంతెన కిందనించి దూరాలి. దాని మీద పన్నెండడుగులని రాసుంది. అది రాశాక రెండుసార్లు తారు పోశారు. రోడ్డు పైకొచ్చింది, అంకె మాత్రం అదే."

"మరి షెడ్డు అక్కడ పెట్టమన్నదెవరు?"

బెంచీ మీద నలుగురూ ఖాళీ గ్లాసుల్నే మళ్ళీ పెదాలకి ఆనించుకున్నారు.  గుమాస్తా కుర్చీలోంచే వెనక్కి తిరిగి గోడ మీది మ్యాపుని చూశాడు.

"ఫోన్లో చూడు బావా," బామ్మర్ది గొంతు తగ్గించి ఫోను కౌంటరు మీద పెట్టాడు. "షెడ్డు వెనకనించి ఇంకో దారి చూపిస్తోంది. పాత క్వారీ రోడ్డు. అది తిన్నగా హైవే ఎక్కుతుంది. మధ్యలో రైలు లేదు, వంతెన లేదు."

"నువ్వు కార్లో వెళ్తున్నావనుకుంటోంది నీ ఫోను. ఆ దారికి నల్లదారం కట్టాను. కల్వర్టు కుంగిపోయింది."

"ఎప్పుడు?"

"పదకొండేళ్ళయింది."

"పదకొండేళ్ళుగా ఎవరూ బాగుచెయ్యలేదా?"

"చేసుంటే ఎవరో ఒకరు నాకు చెప్పేవాళ్ళు."

బెంచీ చివర కూర్చున్న పెద్ద డ్రైవరు కిందికి వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

ఆ గోడ మీది మ్యాపు గురించి చెప్పకుండా గుమాస్తా గురించి చెప్పడం కుదరదు. నాలుగు మ్యాపులు అంచులు కలిపి అతికించినది అది. బీరువా తలుపంత ఉంటుంది. దాని నిండా గుండుసూదులు, సూదికీ సూదికీ మధ్య దారాలు. ఎర్రదారం ఉన్న దారిలో ఎంత పెద్ద బండైనా వెళ్తుంది. పసుపుదారంలో ఆరు చక్రాల లారీ దాకా పరవాలేదు. నీలందారంలో చిన్న వ్యాన్లే. నల్లదారం పడిందంటే ఆ దారి లేనట్టే లెక్క. సరుకు బుక్ చెయ్యడానికొచ్చిన వాళ్ళని ఓనరు ముందుగా ఆ గోడ దగ్గరికి తీసుకెళ్తాడు. "మా గుమాస్తాగారికి తెలియని దారి లేదండీ" అంటాడు. వాళ్ళు మెడలు పైకెత్తి చూస్తారు. తరవాత కిరాయి దగ్గర పెద్దగా బేరమాడరు.

ఆ దారాలు కట్టిన మనిషి ఆ దారుల్లో ఒక్కదాన్నీ చూడలేదన్న సంగతి మాత్రం ఓనరు వాళ్ళకి చెప్పడు.

గుమాస్తాకి ప్రయాణం పడదు. బస్సెక్కితే రెండో స్టాపు దగ్గర కడుపులో తిప్పుతుంది. కారైతే మొదటి మలుపు చాలు. ఆగి ఉన్న లారీ పక్కన నిలబడి అరగంట మాట్లాడగలడు, అది కదిలిందంటే మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఇంటికీ ఆఫీసుకీ నడక ఇరవై నిమిషాలు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో భార్యని ఎక్కడికైనా తీసుకెళ్ళాడంటే అది నడిచి వెళ్ళి నడిచి రాగలిగిన చోటే. "మా ఆయన కింద అరవై లారీలు తిరుగుతాయి, ఆయన మాత్రం తిరగడు" అని ఆమె ఇరుగుపొరుగుతో అంటుంటుంది.

తిరిగొచ్చిన ప్రతి డ్రైవరునీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, ప్రశ్నలడగడం అతని పద్ధతి. ఎక్కడ ఘాట్ రోడ్డుంది, ఎక్కడ రైలు గేటు పడుతుంది, ఏ ఊళ్ళో పగటిపూట పెద్ద బండిని రానివ్వరు, ఏ ఊళ్ళో హమాలీలు డ్రైవరుని తన తాడు కూడా విప్పుకోనివ్వరు. విన్నది విన్నట్టు దారం కడతాడు. చెప్పినవాడి పేరు రాసుకోడు.

ఒక్క విషయంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. కొత్త వ్యాపారులు ఎవరొచ్చినా, "మీ సరుకు ఎక్కడికి అని నేనడగను, అక్కణ్ణించి తిరిగొచ్చేటప్పుడు బండికి ఏం దొరుకుతుందో చెప్పండి" అంటాడు. వంద కిలోమీటర్ల ఊరికి బండి దొరక్క, మూడువందల కిలోమీటర్ల ఊరికి అప్పటికప్పుడు దొరికితే వాళ్ళు తెల్లమొహం వేస్తారు. అప్పుడతను కళ్ళజోడు పైకి నెట్టుకుని వివరిస్తాడు. దూరపు ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, వెళ్ళిన బండి నిండుగా తిరిగొస్తుంది. దగ్గరి ఊళ్ళో ఏముంది, గాలి. గాలి మోసుకొచ్చే బండికి రెండువైపుల కిరాయీ మీరే ఇచ్చుకోవాలి. కొండ మీది ఊరూ అలాంటిదే. అక్కణ్ణించి కిందికి దిగేవి రోగులూ, ఖాళీ సోడా సీసాలూ. ఆసుపత్రి కట్టాక రోగులు దిగడం కూడా తగ్గుతుంది. సీసాలు మాత్రం వారం వారం, గురువారం నాడు, పెద్ద కంటైనరుకి సరిపడా సిద్ధంగా ఉంటాయి. అందుకే బుధవారం బయల్దేరి గురువారం అక్కడుండే పెద్ద కంటైనరు దొరుకుతుంది కానీ, ఏ రోజైనా సరే కొండెక్కే చిన్న వ్యాను దొరకదు. చిన్న వ్యానులో సీసాలు పట్టవు.

ఇంత తెలిసినవాడు బామ్మర్ది షెడ్డు విషయంలో ఎలా పప్పులో కాలేశాడంటే, అదీ దారాల మహిమే. మూడేళ్ళ కిందట బామ్మర్ది స్థలం చూసుకొచ్చి, "తీసుకోమంటావా బావా?" అనడిగాడు. గుమాస్తా మ్యాపు ముందు నిలబడి చూశాడు. రైలు వంతెన మీదుగా, అంటే దాని కిందుగా, ఎర్రదారం ఉంది. "ఎర్రదారమేరా. కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు. వాడు కళ్ళు మూసుకునే తీసుకున్నాడు. ఆ ఎర్రదారం ఇనుప కడ్డీలు తోలే డ్రైవరు చెప్పగా కట్టింది. కడ్డీల బండికి బరువుంటుంది, ఎత్తుండదు. పరుపుల బండికి ఎత్తుంటుంది, బరువుండదు. "బంగారం లాంటి రోడ్డు బావగారూ, పన్నెండు టన్నులేసుకుని వెళ్ళినా కుదుపు లేదు" అని ఆ డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజం. ఎత్తు సంగతి ఇతను అడగలేదు, అతను చెప్పలేదు.

షెడ్డు మొదలైన నెలకి, ఎవరూ లేని సమయం చూసి, గుమాస్తా ఆ ఎర్రదారం విప్పి నీలందారం కట్టాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

బామ్మర్ది వచ్చినప్పుడల్లా "బావా, బావా" అని కేకలేస్తుంటాడు కాబట్టి డ్రైవర్లందరికీ కూడా అతను బావగారైపోయాడు. వాళ్ళు ఆ మాటని గౌరవంగానే అంటారు. నవ్వుకోవడం బయటికెళ్ళాక.

ఆ సాయంత్రం గుమాస్తా ఇంటికి నడిచొచ్చేసరికి భార్య వాకిట్లో కూర్చుని పరుపు తొడుగు జిప్పు కుడుతోంది. తలెత్తలేదు.

"తమ్ముడొచ్చి చెప్పాడు. బండి లేదన్నారట."

"బండి లేదనలేదు. దారి లేదన్నాను."

"వెనకదారిలో కల్వర్టు కుంగిందన్నారట. ఎవరు చెప్పారు?"

"డ్రైవరు."

"ఏ డ్రైవరు?"

"పేర్లు గుర్తుపెట్టుకోను. దార్లు గుర్తుపెట్టుకుంటాను."

"మీరు చూశారా?"

"నేనెట్లా చూస్తాను? నీకు తెలియనిదా?"

"బండెక్కమని ఎవరన్నారు? నడిచెళ్ళొచ్చు. ఇక్కణ్ణించి పదకొండు కిలోమీటర్లు. కుంగి పదకొండేళ్ళయిందంటున్నారు. ఏడాదికో కిలోమీటరు నడిచినా ఈపాటికి అక్కడుండేవారు."

గుమాస్తా చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "నా మ్యాపు ఇరవై ఆరేళ్ళలో ఒక్క బండిని ఇరుక్కోనివ్వలేదు. అది గుర్తుపెట్టుకో."

"మా షెడ్డు ఇరుక్కుంది కదండీ," అంది ఆమె పంటితో దారం కొరుకుతూ.

మంగళవారం పొద్దున్నే ఆమె తమ్ముడి స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. షెడ్డు వెనక గేటు తీయించి పాత క్వారీ రోడ్డులో పడ్డారు. అక్కడక్కడా తారు లేచిపోయింది కానీ రెండు లారీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత వెడల్పుంది. పక్కన మూతపడిన టైర్ల పంచరు షాపు, రేకులు ఎగిరిపోయిన టీ కొట్టు, పొగగొట్టంలోంచి మొక్కలు మొలిచిన ఇటుకబట్టీ. ఒకప్పుడు ఆ దారిలో బండ్లు ఆగేవని, తరవాత మానేశాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

కల్వర్టు దగ్గర దిగారు. తమ్ముడు కాలవలోకి దిగి కింద నిలబడి పైకి చూశాడు. రాయి తీసుకుని గోడల్ని తట్టి చూశాడు.

"ఏరా, ఎటువైపు కుంగింది?"

"అదే వెతుకుతున్నానక్కా. దొరకట్లేదు."

అంతలో బోర్లు తవ్వే బండి ఒకటి, మీద గొట్టాల కట్టలేసుకుని, మూలుగుతూ వచ్చింది. ఆ చుట్టుపక్కల దానంత బరువైన బండి ఇంకోటి ఉండదు. అక్క రోడ్డు పక్కకి జరిగింది. తమ్ముడు కాలవలోంచి ఒక్క గెంతులో బయటపడ్డాడు. బండి కల్వర్టు మీదుగా వెళ్ళిపోయింది. కల్వర్టు మీద దుమ్ము లేచింది తప్ప ఇంకేమీ జరగలేదు.

అవతల గట్టున బండి ఆపి డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏంటమ్మా, ఏమన్నా పడిపోయిందా?"

"పడిపోయిందా లేదా అనే చూస్తున్నాం బాబూ."

అక్కణ్ణించి ఫర్లాంగు దూరంలో లారీల తూకం వేసే కాటా ఉంది. నేల మీద లారీ పట్టేంత ఇనుప పలక, పక్కన చిన్న గది. పలకని శుభ్రంగా ఊడ్చారు. గది ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన వీళ్ళని చూసి లేచాడు. స్కూటరుని చూశాక మళ్ళీ కూర్చున్నాడు.

"కాటా పనిచేస్తోందా బాబాయ్ గారూ?"

"దానికేమ్మా, శుభ్రంగా చేస్తుంది. చేయించుకునేవాళ్ళే లేరు."

"ఈ దారిలో బండ్లు రావా?"

"బోరు బండ్లొస్తాయి, నీళ్ళ ట్యాంకర్లొస్తాయి. వాటికి తూకంతో పనిలేదు. లారీలు రావు. కాటా పెట్టిన కొత్తలో రోజుకి ముప్ఫై ఎక్కేవి. ఏమైందో ఏమో, ఒక్కొక్కటే మానేశాయి. పదకొండేళ్ళయింది. కాటాలో తేడా ఉందేమోనని ఇప్పటికి నాలుగుసార్లు పరీక్ష చేయించాను. కిలో తేడా లేదు."

"ఎవర్నీ అడగలేదా మరి?"

"మా అల్లుడు లారీ డ్రైవరేనమ్మా. అడిగాను. 'రోడ్డుక్కూడా మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి మావయ్యా' అన్నాడు. ఇప్పుడు అతను కూడా ఇటు రాడు. మా అమ్మాయొస్తుంది బస్సులో, నెలకోసారి." పెద్దాయన ఎవరూ అడక్కపోయినా చెప్పాడు. "కాటా పెట్టిన మొదటి వారంలో అతని బండే ఎక్కింది. రెండు టన్నులు ఎక్కువుంది. ఉన్నదున్నట్టు చీటీ రాసిచ్చాను. చెక్‌పోస్టులో ఆ చీటీ చూసి ఆపేశారు. కోపమొచ్చింది. అల్లుడని రెండు టన్నులు తగ్గించి రాస్తే, రేపు ఇంకొకడు తమ్ముణ్ణని తగ్గించమంటాడు. అప్పుడిది కాటా ఎందుకవుతుంది చెప్పు, కుర్చీ వేసుకోవడానికి అరుగవుతుంది."

"మీ అల్లుడుగారిది ఏ ఆఫీసు?"

"అదేనమ్మా, గోడ మీద దారాలు కట్టిన మ్యాపుంటుందట కదా, ఆ ఆఫీసు. అక్కడ ఒకాయనున్నాడట. లోకంలో ఉన్న దార్లన్నీ కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తాడట."

"ఉన్నాడు," అంది ఆమె.

మధ్యాహ్నానికి అక్కా తమ్ముడూ లారీ ఆఫీసులో అడుగుపెట్టారు. ఇన్నేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదలు. డ్రైవర్లు బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. పలకరాళ్ళ లోడు బుక్ చెయ్యడానికొచ్చిన వ్యాపారి ఒకతను అప్పుడే మ్యాపు చూసి, మెడ పట్టేసి, కుర్చీలో కూర్చుని మెడ నొక్కుకుంటున్నాడు. భార్యని చూసి గుమాస్తా లేవబోయి, ఆఫీసు గుర్తొచ్చి, కూర్చున్నాడు.

కాటా పెద్దాయన చెప్పిన గుర్తుల్ని బట్టి ఆమె నేరుగా పెద్ద డ్రైవరు ముందుకెళ్ళింది.

"అన్నయ్యా, పాత క్వారీ రోడ్డు కల్వర్టు దగ్గర్నించే వస్తున్నా. మా కళ్ళ ముందే బోరు బండి దాని మీంచి వెళ్ళింది. పక్కనే కాటా పెద్దాయనతో మాట్లాడాను. బాగున్నారు. అది కుంగిందని మా ఆయనకి చెప్పింది మీరేనా?"

పెద్ద డ్రైవరు ఫ్యాను వంక చూశాడు, క్యాలెండరు వంక చూశాడు. చూడ్డానికి ఇంకేం మిగల్లేదు.

"ఎప్పటి మాటమ్మా అది."

"పదకొండేళ్ళ కిందటి మాటే."

"ఆ వారం మా మావయ్య చీటీ పుణ్యమా అని చెక్‌పోస్టులో ఎండలో నాలుగ్గంటలు నిలబడ్డాను. మర్నాడు పొద్దున బావగారు మళ్ళీ అదే దారిలో వెళ్ళమన్నారు. మావయ్య మొహం చూడబుద్ధి కాలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా. కల్వర్టు కుంగిందన్నాను." గుమాస్తా వైపు తిరిగాడు. "ఆ ఒక్కరోజు తప్పించుకుందామని చెప్పాను బావగారూ. మర్నాడొచ్చి చూస్తే నల్లదారం కట్టేశారు."

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది," అన్నాడు బామ్మర్ది.

"ఒరే, నువ్వూరుకో," అంది అక్క. "తరవాతైనా చెప్పొచ్చు కదా అన్నయ్యా?"

"అడిగితే చెప్పేవాణ్ణమ్మా. బావగారు వెళ్ళొచ్చిన దారి గురించి అడుగుతారు. వెళ్ళని దారి గురించి అడగరు. నల్లదారం ఉంది కాబట్టి ఎవరూ వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు కాబట్టి ఆయన ఎవర్నీ అడగలేదు. మధ్యలో నేనెక్కడ దూరను?"

బెంచీ దగ్గర్నించి ఇంకో డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే రెండేళ్ళ కిందట నేను మోటారు సైకిలు మీద అటెళ్ళాను. బానే ఉన్నట్టు కనపడింది."

"మరి చెప్పలేదేం?" అన్నాడు బామ్మర్ది.

"మ్యాపులో నల్లదారం ఉంది కదా. నేనే సరిగ్గా చూళ్ళేదేమో అనుకున్నా."

అద్దాల గదిలోంచి ఓనరు బయటికొచ్చాడు. అతనికి అన్నీ వినపడతాయి. అవసరమైనప్పుడే బయటికొస్తాడు. "దారి విషయంలో నేనెప్పుడూ జోక్యం చేసుకోను. గుమాస్తాగారు ఎటు పంపమంటే అటే," అన్నాడు వ్యాపారికి వినపడేలా. తరవాత గుమాస్తా చెవి దగ్గర వంగి, "కంటైనరు అక్కడ ఇరుక్కుంటే మాత్రం క్రేను మీరే మాట్లాడుకోవాలి," అన్నాడు. అది కూడా అందరికీ వినపడింది.

పలకరాళ్ళ వ్యాపారి మెడ నొక్కుకోవడం ఆపి మ్యాపు దగ్గరికెళ్ళాడు. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"నల్లదారాలు ఇంకా ఆరున్నాయి," అన్నాడు. "వీటి సంగతేంటి? ఇవి కూడా ఎవరో ఒకరి మావగారివేనా?"

 మిగతా ముగ్గురు డ్రైవర్లలో ఇద్దరు తలుపు వైపు జరిగారు.

గుమాస్తా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. కల్వర్టు బాగానే ఉందంటే మ్యాపు తప్పన్నట్టు. ఒక దారం తప్పంటే మిగతా ఆరూ ఇప్పుడే, ఇక్కడే, ఈ పలకరాళ్ళ ఆయన ముందే విప్పి చూపించాల్సి వస్తుంది. కాదు, కుంగిందనే అంటే పరుపులు మళ్ళీ వ్యానులెక్కి హైవే మీద దిగుతాయి, బయట మబ్బు పట్టి ఉంది. 

భార్య కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది.

"ఏమండీ. మీరు తప్పని ఇక్కడెవరూ అనట్లేదు. ఒప్పని కూడా నేను అనను. రేపు పొద్దున ఆరింటికి పెద్ద బండి మా షెడ్డు ముందు లేకపోతే ఆర్డరు పోతుంది. ఎల్లుండి నించి ఆరుగురు ఆడవాళ్ళకి నేను మొహం చూపించలేను. మీకేది తోస్తే అది చెప్పుకోండి. బండి మాత్రం వెయ్యండి."

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకున్నాడు. కుర్చీని మ్యాపు కిందికి జరిపి, గోడ పట్టుకుని, దాని మీదికెక్కాడు. కుర్చీ కొద్దిగా ఊగితే కళ్ళు మూసుకున్నాడు. ఊగడం ఆగాక తెరిచాడు. పాత క్వారీ రోడ్డు మీది గుండుసూదులు రెండూ పీకి నోట్లో పట్టుకున్నాడు. నల్లదారం విప్పి జేబులో వేసుకున్నాడు. ఎర్రదారం ఉండలోంచి జానెడు తెంపి కట్టాడు. కిందికి దిగి, చేతులు దులుపుకుని, ఓనరుతో సహా అందరికీ వినపడేలా, ఎప్పుడూ బుకింగులు చదివే గొంతుతో అన్నాడు:

"పాత క్వారీ రోడ్డులో కల్వర్టు మరమ్మతు పూర్తయినట్టు కబురందింది."

"ఎప్పుడు పూర్తయింది బావగారూ?" అన్నాడు పెద్ద డ్రైవరు.

"ఇవాళే."

పలకరాళ్ళ వ్యాపారి ఏదో అనబోయాడు. ఓనరు అతని భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం రండంటూ అద్దాల గదిలోకి తీసుకెళ్ళాడు.

గుమాస్తా కూర్చుని బుకింగు పుస్తకం తెరిచాడు. రాసుకుంటూనే పైకి చదివాడు.

"రేపు పొద్దున ఆరింటికి పెద్ద కంటైనరు, క్వారీ రోడ్డు మీదుగా పరుపుల షెడ్డుకి. లోడు నాలుగువందల ఇరవై. గురువారం పొద్దున ఆసుపత్రిలో దింపి, సీసాలు ఎక్కించుకుని తిరిగి రావాలి. డ్రైవరు, నువ్వే."

"నేనా?" అన్నాడు పెద్ద డ్రైవరు. "రేపు నాకు వేరే లోడు చెప్పారు కదా బావగారూ."

"అది ఇంకొకరు చూసుకుంటారు. షెడ్డుకి వెళ్ళేటప్పుడు ఖాళీ బండి ఒకసారి, పరుపులెక్కించుకుని వచ్చేటప్పుడు ఇంకోసారి, దారిలో ఉన్న కాటా ఎక్కించాలి. రెండు చీటీలూ తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి."

"స్పాంజి పరుపులకి తూకమేంటి బావగారూ! ఎవరన్నా వింటే నవ్వుతారు."

గుమాస్తా రాయడం ముగించి, పుస్తకం అతని వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలుంచాడు.

"ఇకమీదట క్వారీ రోడ్డులో వెళ్ళే ప్రతి బండీ ఆ కాటా ఎక్కాల్సిందే. మొదటి బండి నీది."